శ్రీరంగనాథభక్తుడు దేశింగురాజు

దేశింగురాజు పేరు వినని తెలుగువారు అరుదు. నెల్లూరు, చిత్తూరు సీమల పల్లెలలో బుఱ్ఱకథకులు తంబుర మీటి, గుమ్మెటలు మ్రోయించి ఆ వీరుని కథను రాత్రులు తెల్లవారునట్లు గానము చేసెడివారు. కథలోని కల్పనలను తొలగించి చూచినను, ఆ చరిత్ర మనస్సును కరగించునదే.

ఆయన అసలు పేరు తేజసింహుడు. ద్రావిడుల నోట అది దేశింగు అయినది. ఆయన బుందేల రాజపుత్రుడు. 1562లో అంబరు ప్రభువు భారమల్లుడు తన కుమార్తెను అక్బరు చక్రవర్తికిచ్చి వివాహము చేసినది మొదలు, రాజపుత్రులు పలువురు మొగలు కొలువున చేరి, మన్సబులు పొంది, దూరదేశములలో ఆ చక్రవర్తుల పక్షమున యుద్ధములు చేసిరి. బుందేలులును అట్టివారే. తెలుగు నాయకులు పూర్వమేలిన చెంజికోటను మొగలు సేనలు 1690 నుండి ముట్టడించి, 1698లో మహారాష్ట్రుల నుండి గైకొనెను. పిమ్మట ఔరంగజేబు ఆ కోటను తేజసింహుని తండ్రియైన స్వరూపసింహునకు అప్పగించెను.

1714లో స్వరూపసింహుడు పరలోకగతుడయ్యెను. ఇరువది రెండేండ్ల ప్రాయము గల తేజసింహుడు బుందేలఖండమునుండి వచ్చి తండ్రి స్థానమును స్వీకరించెను. ఆర్కాటు నవాబు సాదతుల్లాఖాను తండ్రినాటి కప్పపు బకాయి చెల్లింపుమని కబురంపెను. నెల్లూరు సీమయు నాడు ఆ నవాబు ఏలుబడిలోనిదే. తేజసింహుడు ఔరంగజేబు ఫర్మానాను చూపెను. కాని ఆ చక్రవర్తి 1707లోనే గతించెను. ఏడేండ్లలో బహదూరుషా, జహందారుషా, ఫరూఖుసియరు అను మువ్వురు సింహాసనమెక్కిరి. క్రొత్త చక్రవర్తి ధ్రువపఱపని ఫర్మానా చెల్లదని నవాబు పక్షమువారు వాదించిరి. తండ్రి సేవకు లభించిన శాసనము కొడుకు చేతిలో వట్టి కాగితమయ్యెను.

చెంజికి చేరువనున్న సింగవరము కొండపై శయనించియున్న శ్రీరంగనాథుడు ఆ రాజునకు ఇష్టదైవము. యుద్ధమునకు పోవుచు సెలవు వేడగా, వలదన్నట్లు స్వామి మొగము ప్రక్కకు త్రిప్పుకొనెనని ఐతిహ్యము. మాట తప్పుటకన్న ప్రాణము విడచుటయే మేలని తలచి రాజు వెడలెను. ఆయన ప్రాణమిత్రుడు మహబతుఖాను మహమ్మదీయుడయ్యును, వివాహవేదికనుండి లేచి వచ్చి మిత్రుని ప్రక్క నిలిచెనని కథకులు చెప్పుదురు. 1714 అక్టోబరు 3వ తేదీన కొలదిపాటి గుఱ్ఱపుదళముతో మహాసేనను ఎదిరించి మిత్రులిరువురును రణభూమిని ఒఱగిరి. రాణి సహగమనము చేసెను. ఆర్కాటు చెంతనున్న రాణిపేట ఆమె పేర వెలసినదని ప్రసిద్ధి.

నమ్మిన భక్తుని స్వామి ఏల కాపాడలేదని కొందఱు శంకింతురు. స్వామి వారింపకపోలేదు, క్షత్రియుడు స్వధర్మమును వరించెను. భక్తి ఆయువును కొనుటకు ఇచ్చు మూల్యము కాదు. ఓటమి యెఱిగియు సెలవు వేడి నమస్కరించి వెడలినవాడే భక్తుడు. పాదుషా కటాక్షము ఆయన ఊపిరితోనే ముగిసెను. ఆపదలో మిత్రుడిచ్చిన తోడు మాత్రము మూడు శతాబ్దములు గడచినను ప్రజల నాలుకపై నిలిచియున్నది. చెంజికోట బురుజులు శిథిలములైనవి. సింగవరమున శ్రీరంగనాథుడు నేటికిని మొగము త్రిప్పియే భక్తులకు దర్శనమిచ్చుచున్నాడు.