జె.వి.సోమయాజులు

జొన్నలగడ్డ వెంకట సోమయాజులు (1928 - 2004 ఏప్రిల్ 27) ప్రముఖ తెలుగు రంగస్థల, చలనచిత్ర నటుడు. 1980లో విడుదలైన శంకరాభరణం చిత్రంలో శంకరశాస్త్రి పాత్రతో దేశమంతటా ప్రసిద్ధి చెందాడు.

బాల్యం, ఉద్యోగం

సోమయాజులు శ్రీకాకుళం జిల్లాలోని లుకలాం అగ్రహారంలో జన్మించాడు. విజయనగరంలో పెరిగాడు. నటుడు జె.వి.రమణమూర్తి ఇతని తమ్ముడు. రెవెన్యూ శాఖలో ఉద్యోగంలో చేరి డిప్యూటీ కలెక్టరు స్థాయికి ఎదిగాడు. ఉద్యోగం చేస్తూనే నాటకాలలో నటించాడు.

రంగస్థలం

గురజాడ అప్పారావు రచించిన కన్యాశుల్కం నాటకం 1892లో విజయనగరంలోనే తొలిసారి ప్రదర్శించబడింది. అదే ఊరిలో సోమయాజులు సోదరులు ఈ నాటకాన్ని తిరిగి ప్రదర్శించి, అనేక ప్రదర్శనల ద్వారా ప్రజలకు చేరువ చేశారు. అందులో రమణమూర్తి గిరీశంగాను, సోమయాజులు రామప్పపంతులుగాను నటించారు. రామప్పపంతులు కోర్టు వ్యాజ్యాలతో, మాయమాటలతో బతికే కపటి.

శంకరాభరణం

ఏడిద నాగేశ్వరరావు నిర్మించిన ఈ చిత్రానికి దర్శకుడు కె.విశ్వనాథ్. సుమారు యాభై ఏళ్ళ వయసున్న సోమయాజులుకు ఇందులో ప్రధాన పాత్ర లభించింది. దేవదాసి కుమార్తెకు ఆశ్రయమిచ్చి లోకనిందకు గురైన సంగీత విద్వాంసుడు శంకరశాస్త్రి. పాటలు పాడినది ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం. ఆ గాత్రం తనదేనన్నంతగా సోమయాజులు నటించి ప్రేక్షకులను మెప్పించాడు. తారాబలం లేని ఈ చిత్రం ప్రేక్షకుల నోటి మాటతో ఘనవిజయం సాధించింది. దీనికి ఇతడు ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటుడి పురస్కారం అందుకున్నాడు.

తరువాతి చిత్రాలు

ఆ విజయమే ఇతని నటజీవితానికి ఒక హద్దు కూడా అయింది. రంగస్థలంపై కపటిగా రాణించిన నటుడికి వెండితెరపై ఎక్కువగా నిష్ఠాపరులైన పెద్దల పాత్రలే దక్కాయి. బాపు దర్శకత్వంలో వంశవృక్షం (1980), త్యాగయ్య (1981) చిత్రాలలో నటించాడు. త్యాగయ్యలో త్యాగరాజ స్వామి పాత్ర ధరించాడు. అదే కథతో 1946లో వచ్చిన చిత్తూరు నాగయ్య చిత్రంతో పోలిక దీనికి తప్పలేదు. సప్తపది (1981)లో పోషించిన యాజులు పాత్ర మాత్రం కొంత భిన్నమైనది. ఆచారాన్ని ప్రాణంగా భావించిన ఈ వృద్ధుడు చివరకు మనుమరాలిని ఆమె మనసిచ్చిన దళిత యువకుడి వెంట పంపుతాడు. స్వాతిముత్యం (1986) ఇతడు నటించిన మరొక చిత్రం. హిందీ చిత్రం ప్రతిబంధ్ (1990)లో కూడా నటించాడు.

మరణం

సోమయాజులు 2004 ఏప్రిల్ 27న హైదరాబాదులో మరణించాడు. ఉత్తరాంధ్ర నాటకరంగం నుండి వచ్చిన ఈ నటుడిని తెలుగువారు నేటికీ శంకరశాస్త్రిగానే గుర్తుంచుకుంటారు.