కత్తి పట్టని మెన్నో సైమన్స్

ఈ వారం ప్రహ్లాదుడి వీడియో చేస్తుంటే నాకు మెన్నో సైమన్స్ గుర్తొచ్చారు.

1496లో నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండ్‌లో పుట్టి, 1524లో క్యాథలిక్ ఫాదర్ అయ్యారు. బాప్టిజం పసిపిల్లలకి కాదు, ఊహ తెలిశాక ఇష్టపడి తీసుకోవాలి అన్నవాళ్లని అప్పటి ప్రభుత్వాలు చంపేసేవి. వాళ్లలో కొందరు 1534లో మ్యూన్‌స్టర్ నగరంలో కత్తి పట్టారు. మరుసటి ఏడాదే అది రక్తపాతంతో ముగిసింది. 1536లో మెన్నో చర్చి పదవి వదిలేసి, మిగిలినవాళ్లని అహింస దారిలో నడిపించారు. 1542లో చక్రవర్తి ఐదో చార్లెస్ ఆయన తలకి 100 గిల్డర్లు వెల కట్టాడు. ఊళ్లు మారుతూ బోధించారే గానీ ఆయుధం ముట్టలేదు. 1561లో కన్నుమూశారు.

మెన్నోనైట్లకి ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. అమెరికాలో వాళ్లలో చాలామంది నేటికీ పన్ను కడతారు, తుపాకీ పట్టరు. ఓటు వేయొచ్చా అన్నది మాత్రం వాళ్లలో వాళ్లకే వాదన.

ప్రహ్లాదుడూ ఆయుధం ఎత్తలేదు, హరినామం వదల్లేదు. రాజు మాట, మనసు మాట వేరైతే మీరేం చేస్తారు? కామెంట్స్‌లో చెప్పండి.