నౌకాసేనాని లినోవా

మూసారాంబాగు మీదుగా మలకుపేటకు పోవువారికి ఫ్రెంచి సేనాని రేమండు పేరు క్రొత్త కాదు. అస్మాన్‌గఢ్ గుట్టపై ఆతని సమాధి కలదు. ఆతడు 1798లో మరణించెను. ఆ యేటనే నిజాము కొలువునందలి ఫ్రెంచి పటాలములు రద్దయ్యెను. ఆంధ్రదేశమున ఫ్రెంచివారి కథ అంతటితో ముగిసెనని పలువురు తలతురు. కాని ఆరేండ్ల తరువాత మూడు యుద్ధనౌకలతో విశాఖపట్టణపు రేవున ప్రత్యక్షమైన మరియొక ఫ్రెంచివాడు కలడు. ఆతడే లినోవా.

లినోవా 1761 జనవరి 27వ తేదీన బ్రెస్టు రేవుపట్టణమున జన్మించెను. పదునైదవ యేట నౌకాదళమున చేరి, అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలమున సముద్రయుద్ధ మెట్టిదో నేర్చెను. తరువాత ఆంగ్లేయులకు రెండుమారులు చిక్కెను: 1794లో ఒకమారు, 1795లో మరియొకమారు. రెండవమారు కన్నొకటి పోయెను. అయినను జంకలేదు. 1801 జూలై 6న స్పెయిను దేశపు అల్జెసిరాస్ రేవున మూడు పెద్ద ఓడలతోను, ఒక చిన్న ఓడతోను నిలిచి, ఆరు ఆంగ్లేయ మహానౌకల నెదిరించి, వానిలో ఒకదానిని పట్టుకొనెను. ఆతని కీర్తి మిన్నుముట్టెను.

1803లో నెపోలియను ఆతనిని పుదుచ్చేరికి పంపెను. సంధి ననుసరించి ఆ పట్టణము ఫ్రెంచివారికి తిరిగి రావలసియుండెను. ఆంగ్లేయులు ఇచ్చిరి కారు. ఇంతలో యుద్ధము మరల రేగెను. లినోవా మారిషస్ ద్వీపమునకు మరలి, అచ్చటినుండి హిందూ మహాసముద్రమున కంపెనీ వర్తకపు టోడలను వేటాడ మొదలిడెను. ఈ సందర్భమున ఒక్క లెక్క గమనింపవలెను. ఆంగ్లేయుల ఓడ దెబ్బతిన్నచో బొంబాయి రేవున బాగుచేయించుకొనవచ్చును. లినోవా ఓడకు స్తంభము విరిగినచో, దానికి తగిన మ్రాను మారిషస్‌లో దొరకుట దుర్లభము. ఫ్రాన్సు నెలల ప్రయాణము. చేతనున్నది ఖర్చయినచో మరల జమ యగునది లేదు. ఆతని పిరికితనమును నిందించువారు ఈ పద్దును చూడరు.

1804 ఫిబ్రవరిలో చీనానుండి మరలుచున్న కంపెనీ వర్తకనౌకలు మలక్కా జలసంధి సమీపమున ఆతని కంటబడెను. వానిలోని సరకు విలువ సుమారు 80 లక్షల పౌనులు. ఓడల నాయకుడు డాన్స్ వర్తకపు టోడలపై యుద్ధనౌకల జెండా లెత్తించి, వానిని వరుసగా నిలిపెను. అది మేకపోతు గాంభీర్యమే! లినోవా దానిని నిజమని నమ్మి తొలగిపోయెను. ఈ వార్త విని నెపోలియను మండిపడెను.

అట్టి అపకీర్తిని మోయుచు లినోవా మన తీరమునకు వచ్చెను. 1804 సెప్టెంబరు 15 ఉదయమున విశాఖ రేవున సెంచూరియన్ అను ఆంగ్లేయ యుద్ధనౌక, దాని రక్షణలో ప్రిన్సెస్ షార్లట్, బార్నబీ అను రెండు వర్తకనౌకలు లంగరు వేసియుండెను. సెంచూరియన్ 1774లో నీట దిగిన పాతయోడ. అమెరికా యుద్ధమును చూచినదే. దానికి ఫిరంగులు 50. లినోవా యెక్కిన మారెంగోకు 74. పైగా ఆతని వెంట మరి రెండు యుద్ధనౌకలు.

లినోవా ఆంగ్లేయ పతాకము నెత్తి సమీపించెను. సెంచూరియన్ నాయకుడు లిండ్ అప్పుడు ఒడ్డున నుండెను. ఉపనాయకుడు ఫిలిప్స్ పోరు ప్రారంభించెను. లిండ్ చిన్నపడవలో పోరు నడుమనే ఓడను చేరుకొనెను. బార్నబీ అలల తాకిడికి ఒడ్డున కొట్టుకొని నశించెను. ప్రిన్సెస్ షార్లట్ లొంగిపోయెను. సెంచూరియన్ మాత్రము తెరచాపలు, త్రాళ్లు చినుగగా, తీరమునకు చేరువగా జరిగి, ఒడ్డుననున్న ఫిరంగుల అండతో నిలిచెను. లోతు తక్కువయగుటచే మారెంగో దగ్గరకు రాలేక, దూరముననే లంగరువేసి గుండ్లు కురిపించెను. మధ్యాహ్నము దాటిన పిమ్మట లినోవా, పట్టుబడిన ఓడను మాత్రము గొని, వెడలిపోయెను. ఇరుప్రక్కల మృతులు పదిమందికి మించరు. 1757లో బుస్సీ స్వాధీనము చేసికొనిన పట్టణమును ఫ్రెంచివారు తరువాత కోల్పోయిరి. ఈమారు గట్టు తొక్కకయే మరలిరి. లిండునకు సర్ బిరుదము లభించెను.

ఇంకొక అరగంట పోరాడినచో సెంచూరియన్ చిక్కెడిదేమో. అయిన మారెంగో స్తంభ మొకటి కూలినచో, ఆ తీరమునుండి లినోవా యెట్లు బయటపడును? తీర్పరులు సుఖాసీనులై తలచదగిన విషయమిది.

1806 మార్చి 13న స్వదేశమునకు మరలుచు, అట్లాంటిక్‌లో ఆంగ్లేయ నౌకాదళమునకు చిక్కెను. అప్పుడు మాత్రము వెనుదీయక, గాయపడువరకు పోరెను. నెపోలియను ఆతని విడుదలకు మారుగా బందీల నిచ్చుట కంగీకరింపలేదు; 1814 వరకు చెర తప్పలేదు. చెరలో నుండగనే 1810లో కౌంటు బిరుదము మాత్రము లభించెను. విడుదలయైన పిదప గ్వాడెలూప్ ద్వీపమునకు పాలకుడయ్యెను. 1815లో నెపోలియను మరల రాగా, తన్ను చెరనుండి విడిపింపని ఆ ప్రభువు పక్షమునే వహించెను! ఆంగ్లేయులు ద్వీపమును గొనిరి. 1816లో సైనికన్యాయస్థానము నిర్దోషియని తీర్పుచెప్పినను, ఉద్యోగమునుండి తప్పుకొనవలసివచ్చెను.

మిగిలిన ముప్పదిరెండేండ్లును విశ్రాంతిలోనే గడచెను. 1848 డిసెంబరు 2న వెర్సాయి పట్టణమున, ఎనుబదియేడవ యేట మరణించెను. పారిస్ నగరపు విజయద్వారముపై చెక్కిన సేనానుల పేర్లలో ఆతని పేరును కలదు. ఆ ద్వారమును కట్టింప నాజ్ఞాపించినవాడు నెపోలియనే.