గౌహర్ జాన్ : ధ్వనిముద్రికా యుగారంభమున నొక గాయని జీవితము

భారతీయ భాషలలోని గేయవాఙ్మయమును పరిశీలించువారు సాధారణముగా తాళపత్రములను, అచ్చుప్రతులను ఆధారములుగా గ్రహింతురు. ఇరువదవ శతాబ్ది ప్రారంభమునుండి మూడవ యాధార మొకటి లభించుచున్నది. అది ధ్వనిముద్రిక; వాడుకలో గ్రామఫోను రికార్డు. పాటలోని పదములే కాక, వానిని పలికిన నోటి యుచ్చారణము, విరుపు, ఊపిరి కూడ అందు నిలిచియున్నవి. ఈ యాధారమును సమకూర్చిన తొలితరము కళాకారులలో గౌహర్ జాన్ అగ్రగణ్య. ఆమె జీవిత మిచట సంగ్రహముగా వివరింపబడుచున్నది.

ఆమె 1873 జూన్ 26వ తేదీన నేటి ఉత్తరప్రదేశములోని ఆజంగఢ్‌లో జన్మించెను. తొలిపేరు ఏంజెలీనా యోవార్డ్. తండ్రి విలియం యోవార్డ్ ఆర్మీనియన్ జాతీయుడు. తల్లి విక్టోరియా హెమ్మింగ్స్ ఈ దేశముననే పుట్టి, సంగీతనృత్యములు నేర్చిన స్త్రీ. 1879లో వారి దాంపత్యము విచ్ఛిన్నమయ్యెను. 1881లో తల్లి కుమార్తెతో కాశికి చేరి, ఇస్లాము మతమును స్వీకరించి మల్కా జాన్ అను పేరు దాల్చెను. ఏంజెలీనా గౌహర్ జాన్ అయ్యెను. మల్కా జాన్ గాయని మాత్రమే కాదు, ఉర్దూ కవయిత్రి. ఆమె కవితలు సంపుటముగా వెలువడినవి.

1883లో తల్లీకూతుళ్లు కలకత్తాకు తరలిరి. రాజ్యభ్రష్టుడైన లక్నో నవాబు వాజిద్ అలీ షా నాడు మటియాబుర్జులో నివసించుచుండెను. ఆయన కొలువు చుట్టును లక్నో కళాసంప్రదాయ మంతయు పునఃప్రతిష్ఠితమై యుండెను. ఈ వాతావరణమున గౌహర్ జాన్ పెరిగెను. కథక్ నృత్యమును బిందాదీన్ మహారాజుకడను, వంగకీర్తనమును చరణదాసుకడను ఆమె అభ్యసించెను. హమ్‌దమ్ అను కలముపేరుతో గజళ్లు రచించెను. 1887లో దర్భంగా సంస్థానమున తొలి ప్రదర్శన మిచ్చి, ఆస్థాన గాయనిగా నియమింపబడెను.

1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ పక్షమున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి, హోటలు గదిలో తాత్కాలికముగా యంత్రముల నమర్చెను. గౌహర్ జానే ఈ దేశమున తొలుత రికార్డునకు పాడినదని జనశ్రుతి. ఇది పూర్తిగా సరికాదు. ఆమెకు కొన్నిదినములకు ముందే శశిముఖి, ఫణిబాల అను ఇరువురు రంగస్థల బాలికలు పాడియుండిరి. అయినను శాస్త్రీయగానమున ఆరితేరిన కళాకారులలో మొదట ఈ యంత్రమును లోబరచుకొన్నది గౌహర్ జానే యనుట న్యాయము.

ఆనాటి యంత్రమునకు మైక్రోఫోను లేదు. గాయని గొట్టమువంటి బాకాలోనికి గట్టిగా పాడవలెను. ఆ ధ్వనియే సూదిని కదలించి మైనపు పలకపై గీతలు గీయును. కాలపరిమితి సుమారు మూడు నిమిషములు. గంటకు పైగా విస్తరించు ఖయాలును ఈ కొలతలో నిముడ్చుటకు ఆలాపమును కుదించి, పల్లవిని త్వరగా అందుకొని, తానములను ఎంచుకొని, ముగింపును గడియారముతో సరిపెట్టవలసి యుండెను. గౌహర్ జాన్ దీనిని సాధించి చూపెను. ఠుమ్రీ, దాద్రా, కజరీ, భజన వంటి లఘురూపములకు రికార్డులవలన ప్రాచుర్యము హెచ్చుటకు ఈ మూడు నిమిషముల నియమ మొక ముఖ్యకారణము.

పాట చివర ఆమె ఆంగ్లమున తన పేరు తానే ప్రకటించుట కలదు. రికార్డులు జర్మనీలోని హానోవరు నగరమున ముద్రితమగుచుండెను. కలకత్తాలో కర్మాగారము 1908లో గాని వెలయలేదు. అచటి పనివారు గాయకుల నెరుగరు గనుక, ఏ పలక ఎవరిదో తెలియుటకై ఈ ప్రకటన ఏర్పడెనని పరిశోధకుల వివరణము. వర్తకపు అవసరమునకై పుట్టిన ఆ పలుకు ఆమెకు సంతకమువంటిదయ్యెను.

అటుపిమ్మట ఆమె ఆరువందలకు పైగా రికార్డులు పాడినట్లు చెప్పుదురు. హిందుస్తానీ, వంగ, గుజరాతీ, మరాఠీ, తమిళ, పారసీక, అరబ్బీ, పష్తో, ఫ్రెంచి, ఆంగ్లభాషలు వానిలో కలవు. 1910లో చెన్నపట్టణపు విక్టోరియా పబ్లిక్ హాలులో గానము చేసెను. 1911 డిసెంబరులో ఢిల్లీ దర్బారు సందర్భమున అలహాబాదు జానకీబాయితో గూడి చక్రవర్తి యెదుట పాడెను.

కీర్తి పెరిగినకొలది కష్టములును పెరిగెను. 1906లో తల్లి మరణించిన పిదప, ఇంట పెరిగిన యువకు డొకడు తానే వారసుడనని వాదించెను. దేశమంతట తన పేరు మ్రోగుచున్న గాయని తన జన్మమును న్యాయస్థానమున నిరూపించుకొనవలసి వచ్చెను. వ్యాజ్యము గెలిచినను, ఆపై వచ్చిన ఆస్తి తగవులలో ధనము హరించిపోయెను. 1928 ఆగస్టులో మైసూరు మహారాజు నాల్గవ కృష్ణరాజ ఒడెయరు ఆమెను ఆస్థానగాయనిగా నియమించెను. 1930 జనవరి 17వ తేదీన ఆమె ఆ నగరముననే దివంగతురాలయ్యెను.

దక్షిణమున ఆమె సమకాలికలైన కోయంబత్తూరు తాయి, సేలం గోదావరి మున్నగువారు తెలుగు పదములను, జావళీలను, కీర్తనలను రికార్డుల కెక్కించిరి. వంశపారంపర్యముగా కళనే వృత్తిగా గొన్న ఈ స్త్రీలను తదనంతర సమాజము చిన్నచూపు చూచినది. వారి పాటలను మాత్రము స్వీకరించినది. జావళీ పాఠమును పరిష్కరించువారు అచ్చుప్రతితోపాటు ఈ రికార్డులను గూడ ఆలకించినచో, పాఠాంతరములెన్నో బయల్పడగలవు. గౌహర్ జాన్ పేరు పాట చివర నిలిచియున్నది. పేరు చెప్పుకొనని వారి గొంతులను గుర్తించి నమోదు చేయుట మన భాషాశాఖల వంతు.