నొప్పికి పదిహేను పేర్లు పెట్టిన హకీం – ఇబ్నె సీనా

దవాఖానాకు వెళ్ళిన ప్రతివారికీ ఈ అనుభవం వుండే వుంటుంది. నొప్పి ఎలా వుంది, పదిలో ఎన్ని మార్కులు వేస్తారు అని డాక్టరుగారు అడుగుతారు. మనవాళ్ళు చెప్పే జవాబు ఒక్కటే – బహుత్ దర్ద్ హై, చాలా నొప్పిగా వుంది. అంతకు మించి మాట పెగలదు. పిల్లల పేపర్లకు మార్కులు వేయటమే వృత్తిగా బ్రతుకుతున్న మేము కూడా, మా సొంత నడుము నొప్పికి మార్కు వేయమన్నప్పుడు నీళ్ళు నమిలినవాళ్ళమే.

ఇది నవ్వులాట విషయం కాదు. మా ఖాలాజాన్ ఒకరు మూడు రోజులు కడుపు పట్టుకొని ఇంటి పని చేస్తూ తిరిగారు. ఏమైందని అడిగితే ఏమీ లేదనేవారు. బాధ బయటపెడితే సబ్ర్ తప్పినట్టని ఆమె నమ్మకం. నాలుగోనాడు ఆపరేషన్ బల్లమీద తెలిసింది, అపెండిక్స్ పగిలిందని. మొదటి రోజు బొడ్డు చుట్టూ మెలిపెట్టి, మర్నాటికి కుడివైపు దిగి అక్కడే నిలిచిపోయిందట ఆ నొప్పి. ఈ ఒక్క మాట మొదటే చెప్పివుంటే ఇంత దూరం వచ్చేదే కాదు. అల్లా దయవల్ల బ్రతికి బయటపడ్డారు.

ఆనాటి నుండి మాకు ఒక మహనీయుని జీవితం పదే పదే గుర్తుకు వస్తూంది. నొప్పి అంటే ఒకటి కాదు, దానికి రకాలున్నాయి, ఒక్కొక్క రకానికి ఒక్కొక్క కారణం వుంది అని వెయ్యేళ్ళ క్రితమే వ్రాసి పెట్టిన షేఖుర్రయీస్ బూ అలీ ఇబ్నె సీనా జీవితమది. ఆ కథ నాలుగు మాటల్లో చెప్పుకుందాం.

బాల్యం, చదువు

ఇబ్నె సీనా క్రీ.శ. 980లో బుఖారా దగ్గర అఫ్షనా అనే గ్రామంలో జన్మించారు. అది నేటి ఉజ్బెకిస్తాన్‌లో వుంది. తండ్రి అబ్దుల్లా బల్ఖ్ నుండి వచ్చి సామానీ ప్రభువుల కొలువులో చేరిన అధికారి. తల్లి పేరు సితారా. పదేళ్ళకే పిల్లవానికి ఖురాన్ కంఠస్థమైంది. లెక్కలు నేర్చుకోవటానికి తండ్రి అతన్ని పంపింది ఏ పెద్ద పండితుని దగ్గరికో కాదు, ఒక కూరగాయల వ్యాపారి దగ్గరికి. ఆ వ్యాపారికి మన హిందూస్తానీ అంకెల లెక్క బాగా వచ్చు. కూరగాయల అంగట్లో కూడా గురువు దొరుకుతాడని మా విద్యార్థులకు చెబుతుంటాం.

పదహారో ఏట వచ్చేసరికి వైద్యం ఎంతగా పట్టుబడిందంటే, పేరున్న వైద్యులే వచ్చి ఆయన దగ్గర పాఠం చెప్పించుకునేవారు. కానీ అరస్తూ తత్వగ్రంథం మాత్రం నలభైసార్లు చదివినా అర్థం కాలేదట. చివరికి బజారులో మూడు దిర్హములకు కొన్న ఫారాబీ పుస్తకంతో ఆ ముడి విడింది. వెంటనే పేదలకు ఖైరాత్ ఇచ్చి షుక్ర్ చేసుకున్నారు. మరి కొద్దికాలానికే బుఖారా ప్రభువు నూహ్ బిన్ మన్సూర్ జబ్బుపడితే, చికిత్సకు ఈ కుర్రవాణ్ణి కూడా పిలిపించారు. ప్రభువు కోలుకున్నాక, ఆయన సేవలో వుంటూ ఇబ్నె సీనా కోరినది రాజగ్రంథాలయంలో చదువుకునే అనుమతి.

దేశాలు తిరిగిన బ్రతుకు

ఇరవై దాటిన కొద్దిరోజులకే తండ్రి పోయారు. సామానీల రాజ్యం కూలింది. అక్కడి నుండి ఆయన బ్రతుకు మూటాముల్లె సర్దుకోవటమే అయింది. గుర్గాంజ్, గుర్గాన్, రయ్, హమదాన్, ఇస్ఫహాన్ – ఊరు మారినా కలం మాత్రం ఆగలేదు. గుర్గాన్‌లో జూజ్‌జానీ అనే శిష్యుడు దొరికాడు. గురువు చెప్పగా ఆయన తొలి జీవితాన్ని వ్రాసుకొని, తక్కినది తాను చూచినట్టు పూర్తి చేసినది ఈ శిష్యుడే. నేడు మనకు ఇన్ని వివరాలు తెలుస్తున్నాయంటే అది ఆ శిష్యుని చలవే.

హమదాన్ ప్రభువు షమ్సుద్దౌలాకు ఖూలంజ్, అంటే మెలిపెట్టే కడుపునొప్పి వచ్చింది. ఇబ్నె సీనా దగ్గర వుండి నయం చేశారు. ఆ గౌరవంతోనే వజీరు పదవి లభించింది. సైనికులు తిరగబడి ఇల్లు దోచుకుంటే నలభై రోజులు ఒక మిత్రుని ఇంట దాగారు. ఇంతలో ప్రభువుకు మళ్ళీ అదే నొప్పి. మళ్ళీ ఈయనే కావలసి వచ్చారు, మళ్ళీ వజీరు అయ్యారు. పగలు దర్బారు, రాత్రి పాఠాలు. ప్రభువు పోయిన తర్వాత ఫర్దజాన్ కోటలో నాలుగు నెలలు ఖైదు చేశారు. ఆ ఖైదులో వ్రాసిన పుస్తకాల్లో ఒకటి ఖూలంజ్ నొప్పి మీదనే. పాఠకులు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి, చివర మళ్ళీ అవసరమవుతుంది.

నొప్పి గూర్చి ఆయన చెప్పినది

ఆయన వైద్యగ్రంథం అల్‌ఖానూన్ ఐదు భాగాల మహాగ్రంథం. పన్నెండవ శతాబ్దంలో లాటిన్‌లోకి వెళ్ళి యూరప్ విద్యాలయాల్లో పదిహేడవ శతాబ్దం దాకా పాఠ్యగ్రంథంగా నిలిచింది. 1593లో రోము నగరంలో అరబ్బీలోనే అచ్చయింది. అందులో మొదటి భాగంలో నొప్పికి ప్రత్యేకంగా అధ్యాయాలున్నాయి.

శరీరానికి సరిపడనిది సోకినప్పుడు దాన్ని శరీరం గుర్తించటమే నొప్పి అని ఆయన నిర్వచనం. యవన వైద్యుడు జాలీనూస్ నొప్పికి ఒకటే కారణమన్నాడు – అవయవంలో ఎక్కడో అతుకు తెగటం. ఇబ్నె సీనా ఒప్పుకోలేదు. ఏదీ తెగకపోయినా వేడి, చలి వంటి గుణం ఒక్కసారిగా మారితే చాలు, అదీ నొప్పే అన్నారు. మెల్లగా వచ్చి ఒంట్లో స్థిరపడిపోయిన మార్పు మాత్రం అంతగా తెలియదట. క్షయరోగి ఒంట్లో వేడి లోలోపల కాల్చుతున్నా, చలిజ్వరం వచ్చినవాడు పడే బాధ అతను పడడు. అంటే నొప్పి కొంచెమే కదా అని జబ్బు కొంచెమే అనుకోరాదు. పదికి రెండు మార్కులే పడిన నొప్పి వెనుక పెద్ద వ్యాధి వుండవచ్చును.

ఇక రకాలు. మొత్తం పదిహేను చెప్పారు. దురదపెట్టేది, గరుకుగా గీరేది, గుచ్చేది, అదిమేది, గుంజేది, కండను విడదీసేది, ఎముక విరిచినట్టుండేది, మెత్తగా వుండేది, తొలిచేది, దబ్బనం దిగినట్టుండేది, తిమ్మిరెక్కించేది, సలిపేది, బరువుగా లాగేది, అలసట తీపులు, చురచుర కొరికేది. దబ్బనం అన్నది మేము కల్పించిన మాట కాదు. ఆయన వాడిన అరబ్బీ మాట మిసల్లీ, గోనెలు కుట్టే పెద్దసూది నుండి వచ్చినదే.

ప్రతి పేరు వెనుక ఒక ఆనవాలు వుంది. సలుపుడు వుందంటే నాడి కొట్టుకునే చోటు ప్రక్కన వేడివాపు వుందన్నమాట. బరువుగా వుంటే కాలేయం, మూత్రపిండం వంటి లోపలి అవయవంలో వాపు వుండి దాని పొరను క్రిందికి లాగుతూంది. విరిచినట్టుంటే ఎముకకూ దానిపై పొరకూ నడుమ ఏదో చేరింది. తొలిచినట్టుంటే గట్టి గోడలుగల పెద్దప్రేగు వంటి చోట ఏదో చిక్కుకుంది. ఆయన చెప్పిన దోషాల సిద్ధాంతాన్ని నేటి వైద్యం ఒప్పుకోదు. అయినా రోగి నోటి మాటను పట్టుకొని రోగం దగ్గరికి నడవటమనే దారి మాత్రం నేటికీ నిలిచివుంది. 1975లో కెనడాకు చెందిన మెల్జాక్ అనే శాస్త్రజ్ఞుడు నొప్పిని కొలవటానికి 78 మాటలను 20 గుంపులుగా పేర్చి ఒక ప్రశ్నపత్రం తయారుచేశాడు. సలుపు, పోటు, మంట, గుంజుడు అందులోనూ వున్నాయి.

నొప్పి తగ్గించే పద్ధతులూ చెప్పారు. మొదటిది కారణాన్ని తీసివేయటం, అదే అసలు వైద్యం. రెండవది సోయకూర, అవిసె గింజల వంటివాటితో ఆ చోటును మెత్తబరచటం. మూడవది నల్లమందు వంటివాటితో స్పర్శ చంపటం. ఈ మూడవదానితో జాగ్రత్త అన్నారు, అది నొప్పిని తెలియకుండా చేస్తుందే గాని కారణాన్ని తీయదు. మెల్లగా నడవటం, నిద్ర తెప్పించే చక్కని పాట వినటం, మనసు మరోదానిలో పెట్టటం కూడా నొప్పిని తగ్గిస్తాయట. ఒక్కోసారి కారణం ఒంట్లో వుండదు, సరిగా లేని తలగడలోనో పడకలోనో వుంటుంది, ముందు అది చూసుకోమన్నారు. ఎంత ఇంటి మనిషి మాట!

చివరి రోజులు

ఖైదు తర్వాత ఇబ్నె సీనా సూఫీ వేషంలో ఇస్ఫహాన్ చేరి అలాఉద్దౌలా ఆదరణలో వున్నారు. అక్కడ దండయాత్రల నడుమ ఆయనకే ఖూలంజ్ వచ్చింది. ప్రభువు ఓడిపోతే జబ్బుతో తాను పారిపోలేనే అన్న తొందరలో, ఒకేరోజు ఎనిమిదిసార్లు ఎనిమా తీసుకున్నారు. ప్రేగులు పుండ్లుపడ్డాయి. ఆ తర్వాత ఒక వైద్యుడు ఆయన చెప్పినదానికన్నా ఎన్నో రెట్లు మందు కలిపాడు. సొమ్ము కాజేసిన ఒక సేవకుడు, బయటపడుతుందనే భయంతో మందులో నల్లమందు ఎక్కువగా వేశాడు. కొంత కోలుకున్నారు గాని మళ్ళీ తిరగబెట్టింది. హమదాన్ చేరేసరికి శరీరంలో శక్తి పోయిందని ఆయనే గ్రహించి, మందులు మానేశారు. 1037లో, రమజాన్ మాసంలో, 57 ఏళ్ళకు కన్నుమూశారు. సమాధి హమదాన్‌లోనే వుంది.

ఖూలంజ్ మీద పుస్తకం వ్రాసిన మనిషి ఖూలంజ్‌తోనే పోయారని కొందరు ఎద్దేవా చేశారు. మాకు మాత్రం అందులో ఎగతాళి కనపడదు, హెచ్చరిక కనపడుతుంది. నొప్పిని అంతగా ఎరిగిన మహాహకీం సైతం, తన వంతు వచ్చేసరికి దాని నోరు త్వరగా మూయించబోయి దెబ్బతిన్నారు. ఇక రెండు రూపాయల మాత్ర మింగి పని చూసుకునే మనమెంత?

మనకు పాఠం

నొప్పి చెప్పుకోవటం ఫిర్యాదు కాదు. సబ్ర్‌కే మారుపేరైన హజ్రత్ అయ్యూబ్ అలైహిస్సలాం కూడా తన బాధను అల్లాకు విన్నవించుకున్నారు, అయినా ఆయన సాబిర్‌గానే పేరొందారు. మరి డాక్టరుకు చెప్పటంలో తప్పేముంది?

చార్మినార్ ప్రక్కనున్న నిజామియా దవాఖానాలో యునానీ వైద్యం చేసే హకీములు నేటికీ ఇబ్నె సీనా పేరు తలుస్తారు. మనమూ తలుద్దాం, కాని ఆయన పద్ధతిలో తలుద్దాం. ఎక్కడ మొదలైంది, ఎక్కడికి పాకింది, గుచ్చుతుందా, మెలిపెడుతుందా, సలుపుతుందా, దేనితో పెరిగింది, దేనితో తగ్గింది – ఇవి ఒక చీటీమీద వ్రాసుకొని వెళ్ళండి. మార్కు అడిగితే నిన్నటికీ ఇవాళటికీ తేడా తెలిసేట్టు వేయండి. తెలుగులో మాటలు లేవా, ఉర్దూలో టీస్, చుభన్, జలన్, మరోడ్ లేవా? ఇంట్లో ఆడవారినీ, ముసలివారినీ, మాటలు రాని పసివారినీ ఇంకా జాగ్రత్తగా చూడాలి. చెప్పలేనంత మాత్రాన నొప్పి లేదనుకోరాదని 2020లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం కూడా తన నిర్వచనంతోపాటు వ్రాసుకుంది.

మా ఖాలాజాన్ ఇప్పుడు మోకాలు పట్టుకొని, గరుకుగా గీరుతుందా, బరువుగా లాగుతుందా అని తానే తేల్చి చెబుతున్నారు. ఆ మాత్రం మార్పు ప్రతి ఇంటా వస్తే ఈ నాలుగు పేజీలు వ్రాసినందుకు మా శ్రమ ఫలించినట్టే.