శ్రామికుల పక్షాన నిలిచిన వి.వి. గిరి



గుజరాత్‌లోని సూరత్ నగరం పేరు మీరు వినే ఉంటారు. ఆ నగరంలోని సలాబత్‌పురా ప్రాంతం వస్త్ర వ్యాపారానికి, నేతపనికి పేరు పొందింది. తెలంగాణ జిల్లాల నుండి వలస వెళ్ళిన అనేక తెలుగు నేత కుటుంబాలు సూరత్ మరమగ్గాలను నమ్ముకుని బతుకుతున్నాయి. మీలో కొందరు అక్కడి నుండే ఈ పాఠం చదువుతూ ఉండవచ్చు. మరమగ్గాల మీద పని చాలావరకు తెలిసినవారి మాట మీద దొరుకుతుంది. కూలి నేసిన మీటర్ల లెక్కన కట్టడం అక్కడ మామూలు. నియామక పత్రం చాలామందికి ఉండదు. అటువంటప్పుడు కూలి తగ్గించినా, పనిలోంచి తీసివేసినా ఎవరితో మాట్లాడాలి? ఎలా మాట్లాడాలి?

ఈ ప్రశ్న గురించి జీవితమంతా ఆలోచించిన తెలుగువాడు వరాహగిరి వెంకటగిరి. ఆయనను మనం రాష్ట్రపతిగానే ఎక్కువగా గుర్తుంచుకుంటాం. ఈ పాఠంలో కార్మిక నాయకునిగా, కార్మిక సమస్యలను అధ్యయనం చేసిన వ్యక్తిగా ఆయన జీవితాన్ని తెలుసుకుందాం.

1. బాల్యం, విద్యాభ్యాసం

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. అప్పుడు ఆ పట్టణం మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఇప్పుడు ఒడిశాలో ఉంది. తండ్రి జోగయ్య పంతులు న్యాయవాది. 1913లో గిరి న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండులోని డబ్లిన్ నగరానికి వెళ్ళారు.

ఐర్లండు కూడా అప్పుడు మనలాగే ఆంగ్లేయుల పాలనలో ఉండేది. సరిగ్గా 1913లోనే డబ్లిన్‌లో ఒక పెద్ద పోరాటం జరిగింది. కార్మిక సంఘాన్ని వదలిపెట్టని వేలాది మందిని యజమానులు పనిలోకి రానివ్వలేదు. నెలల తరబడి ఆ కుటుంబాలు ఆకలితో గడిపాయి. 1916లో ఆ నగరంలో స్వాతంత్ర్యం కోసం తిరుగుబాటు జరిగింది. ఐరిష్ ఉద్యమకారులతో సంబంధాలున్నాయన్న కారణంగా గిరి ఆ ఏడాదే ఐర్లండు విడిచి రావలసి వచ్చింది.

2. రైల్వే కార్మికుల నాయకుడు

స్వదేశం వచ్చిన గిరి బరంపురంలో న్యాయవాద వృత్తి ప్రారంభించారు. సహాయ నిరాకరణోద్యమ కాలంలో ఆ వృత్తిని వదులుకున్నారు. బరంపురం మీదుగా వెళ్ళే రైలు మార్గం ఆ రోజుల్లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీది. ఆ కంపెనీ పెద్ద వర్క్‌షాపు ఖరగ్‌పూర్‌లో ఉండేది. అక్కడ తెలుగు కార్మికులు కూడా పెద్దసంఖ్యలో పనిచేసేవారు. గిరి ఈ రైల్వే కార్మికులకు సంఘాన్ని ఏర్పాటు చేశారు.

కంపెనీ చాలామంది కార్మికులను పనిలోంచి తొలగించింది. వారి హక్కుల కోసం 1928లో గిరి నాయకత్వాన సమ్మె జరిగింది. సమ్మె అహింసాయుతంగా సాగింది. చివరకు ప్రభుత్వం, కంపెనీ దిగివచ్చి కార్మికుల కోర్కెలను అంగీకరించాయి.

ఇక్కడ మీరు ఒక విషయం గమనించాలి. ఒంటరిగా వెళ్ళి అడిగిన కార్మికునికి గేటు దగ్గరే సమాధానం చెప్పి పంపవచ్చు. అందరూ కలిసి ఒక సంఘంగా వెళ్ళినప్పుడు కూర్చోబెట్టి మాట్లాడక తప్పదు.

గిరి 1926లోనూ, తిరిగి 1942లోనూ అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షులయ్యారు. 1927లో అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు.

3. మంత్రిగా గిరి మార్గం

మద్రాసు రాష్ట్ర శాసనసభ ఎన్నికల్లో బొబ్బిలి రాజాను ఓడించి, 1937లో రాజాజీ మంత్రివర్గంలో గిరి కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత సిలోనులో మన హైకమిషనరుగా పనిచేశారు. మొదటి లోక్‌సభకు పాతపట్నం నుండి ఎన్నికై, 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు.

అప్పటి చట్టం 1947లో వచ్చింది. యజమానికి, కార్మికులకు తగాదా వస్తే ప్రభుత్వం దానిని ట్రిబ్యునల్‌కు పంపవచ్చు. ట్రిబ్యునల్ తీర్పుకు ఇద్దరూ కట్టుబడాలి. గిరికి ఈ పద్ధతి నచ్చలేదు. పైనుంచి వచ్చిన తీర్పు వల్ల ఒకరు గెలుస్తారు, ఒకరు ఓడతారు. మరునాడు ఇద్దరూ మళ్ళీ ఒకే చోట పనిచేయాలి కదా! అందువల్ల ఇరుపక్షాలు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలని, కుదరకపోతే రాజీ అధికారి సాయంతో మళ్ళీ మాట్లాడాలని ఆయన వాదించారు. దీనికే గిరి మార్గం అని పేరు వచ్చింది.

అయితే ఈ మార్గాన్ని చాలా కార్మిక సంఘాలే వ్యతిరేకించాయి. ఎందుకో ఆలోచించండి. బలమైన సంఘం ఉన్నచోట మాటలు ఫలిస్తాయి. సంఘం బలహీనంగా ఉన్నచోట యజమాని మాటే నెగ్గుతుంది. అటువంటి చోట ట్రిబ్యునలే కార్మికునికి దిక్కు. ఈ అభ్యంతరం కొట్టిపారేయదగినది కాదు.

1954లో బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం వారికి నష్టం కలిగేలా మార్చింది. తీర్పుల పద్ధతి గిరికి ఇష్టం లేదు. అయినా ఇచ్చిన తీర్పును ప్రభుత్వమే తగ్గించడాన్ని ఆయన ఒప్పుకోలేదు. ఆగస్టులో పదవికి రాజీనామా చేశారు. ఆ తరువాత ప్రభుత్వం ఈ విషయం పరిశీలనకు ఒక కమిషన్‌ను నియమించింది. 1955లో దానిపై ప్రత్యేక చట్టం వచ్చింది.

4. అధ్యయనం ఎందుకు?

మాట్లాడాలంటే వివరాలు కావాలి. ఎంతమంది పనిచేస్తున్నారు? ఎన్ని గంటలు? ధరలు పెరిగినప్పుడు కూలి పెరిగిందా? ఇటువంటి ప్రశ్నలకు సమాధానాలు సేకరించడమే కార్మిక పరిశోధన. పారిశ్రామిక సంబంధాలపైన, కార్మిక సమస్యలపైన గిరి పుస్తకాలు రాశారు. 1957లో భారత కార్మిక ఆర్థికశాస్త్ర సంఘం స్థాపనకు నాయకత్వం వహించారు. ఆయన రాష్ట్రపతిగా ఉన్న కాలంలోనే, 1974లో, జాతీయ కార్మిక సంస్థ ఏర్పడింది. 1995లో దానికి ఆయన పేరు పెట్టారు. నోయిడాలోని ఆ సంస్థ కార్మిక విషయాలపై పరిశోధన, శిక్షణ నిర్వహిస్తోంది.

ఈ పని విద్వాంసులది మాత్రమే కాదు. సలాబత్‌పురాలో మగ్గం నడిపే కార్మికుడు కూడా ఒక చిన్న పుస్తకంలో తేదీ, నేసిన మీటర్లు, మీటరు ధర, చేతికి వచ్చిన డబ్బు రాసుకోవచ్చు. ఒకరి లెక్కను ఎవరైనా కాదనవచ్చు. ఇరవై మంది లెక్కలు ఒకేలా ఉంటే కాదనడం కష్టం. చదవడం, రాయడం నేర్చుకున్నందుకు ఇదీ ఒక ప్రయోజనమే.

5. చివరి సంవత్సరాలు

1957 నుండి పదేళ్ళపాటు గిరి ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా పనిచేశారు. 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969లో స్వతంత్ర అభ్యర్థిగా పోటీచేసి రాష్ట్రపతిగా ఎన్నికయ్యారు. 1974 వరకు ఆ పదవిలో ఉన్నారు. 1975లో భారతరత్న పొందారు. 1980 జూన్ 24న మద్రాసులో మరణించారు.

గిరి చూపిన మార్గం ఇరుపక్షాలూ సమానంగా కూర్చోగలిగినప్పుడే నడుస్తుంది. ఆ సమానత దానంతట అది రాదు. సంఘం కావాలి, లెక్క కావాలి, చదువు కావాలి.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. గిరి మార్గం అంటే ఏమిటి? కార్మిక సంఘాలు దానిని ఎందుకు వ్యతిరేకించాయి?
2. 1954లో గిరి మంత్రి పదవిని ఎందుకు వదులుకున్నారు?
3. మీరు చేసే పనిలో ఒక వారం పాటు పనిగంటలు, వచ్చిన కూలి రాయండి. తోటివారి లెక్కతో పోల్చి చూడండి. మీరు గమనించిన తేడాలను ఐదు వాక్యాలలో రాయండి.