చైను చప్పుడూ, హాన్స్ రెనాల్డూ

చీరాల నుంచి వాడరేవుకు గేరు సైకిల్ మీద బయల్దేరారనుకోండి. చైను ముందు పెద్ద పళ్లచక్రం మీద ఉంది, వెనక కూడా పెద్దదాని మీదే. కరకరమని ఒకటే మోత. షాపువాడిని తిట్టుకునే ముందు హాన్స్ రెనాల్డ్ కథ వినండి.

ఆయన 1852లో స్విట్జర్లాండ్‌లోని ఆరౌలో పుట్టారు. 1873లో ఇంగ్లండ్ చేరారు. అప్పటికి దాదాపు మీ వయసే. పరాయి దేశం, పరాయి భాష. 1879లో మాంచెస్టర్ పక్కనే ఉన్న సాల్‌ఫోర్డ్‌లో జేమ్స్ స్లేటర్ చిన్న చైన్ల వర్క్‌షాప్‌ను కొన్నారు. మిల్లు యంత్రాలకు చైన్లు చేసే చోటది.

అప్పటి చైన్లలో పిన్ను మీది బరువంతా సన్నటి పలకల అంచుల మీదే పడేది. ఊరికే అరిగిపోయేవి. రెనాల్డ్ లోపలి పలకల మధ్య చిన్న గొట్టం, అదే బుష్, బిగించారు. దాని మీద రోలర్. బరువు పిన్ను పొడవునా పరుచుకుంది. అది 1880. మార్పు చూస్తే ఇంతే! కానీ సైకిళ్లు, మోటార్‌సైకిళ్లు దాని మీదే నడిచాయి. తర్వాత చప్పుడు తక్కువ చేసే పళ్ల చైను కూడా తెచ్చారు. ఆయన 1943లో కన్నుమూశారు.

ఇక మీ మోత సంగతి. నేటి గేరు చైన్లలో బుష్ విడిగా ఉండదు, లోపలి పలకలనే గొట్టంలా మలుస్తారు. అందుకే పక్కకు వంగగలవు. దానికీ హద్దుంది. పెద్దదీ పెద్దదీ కలిపితే చైను ఏటవాలుగా లాగుతూ పళ్ల పక్కలకు, ముందు డెరైలర్‌కు రాసుకుంటుంది. వెనక మధ్య గేరుకు మార్చండి. మోత ఆగితే రోగం ఏటవాలుదే, అలా తొక్కడం మానేస్తే చాలు. ఆగలేదా? చైను ఎండిందేమో చూడండి, సముద్రపు గాలికి తుప్పు త్వరగా పడుతుంది. పెడల్ తిరిగిన ప్రతిసారీ ఒకచోటే టక్కుమంటే ముందు పళ్లచక్రమో, క్రాంకో చూసుకోవాలి. పెడల్ ఆపినా వస్తుంటే చైను జోలికే పోకండి, చక్రం వైపు వెతకండి.

చివరగా స్కేలు పెట్టండి. 24 లింకులు 12 అంగుళాలు రావాలి. చైను సాగిందంటాం గానీ పలకలు సాగవు, పిన్నులు అరుగుతాయి. రెనాల్డ్ పట్టుకున్నదీ ఆ అరుగుదలనే. అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువొస్తే చైనుతోపాటు వెనక పళ్లకూ డబ్బులు సిద్ధం చేసుకోండి.